డేట్‌కి (నెలసరికి) ముందు వారం గురించి, హాస్టల్లో ఉండే ఒక అమ్మాయికి

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా క్లుప్తంగా మళ్లీ చెబుతాను. నువ్వు బీటెక్ మూడో సంవత్సరం, వయసు 20, హాస్టల్లో ఉంటున్నావు. డేట్‌కి వారం ముందు నుంచి చిరాకు, ఊరికే ఏడుపు, కడుపు ఉబ్బరం, రొమ్ముల సలపరం. పోయిన నెల మిడ్ పరీక్షలో పావుగంట ఏడ్చి, సగం పేపరే ఇచ్చి బయటికి వచ్చేశావు. రూమ్మేట్‌తో మాటల్లేవు. ఫోన్‌లో ఒక ప్రశ్నావళి నింపితే నీకు పీఎండీడీ (నెలసరి ముందు మనసు మీద పడే తీవ్రమైన బాధ) అని చెప్పింది. స్కానింగ్‌లో పీసీఓడీ (అండాశయాల్లో చిన్న చిన్న సంచులు) అన్నారు. అమ్మేమో పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటోంది. హార్మోన్ పరీక్షలు చేయించుకోవాలా, మందులు వాడాలా, సెమిస్టర్ పరీక్షలప్పుడు డేట్ వాయిదా వేసే మాత్రలు వేసుకోవచ్చా అని అడిగావు.

నేను గైనకాలజిస్టుని. ప్రాక్టీసు మొదలుపెట్టి 26 ఏళ్లయింది. అందులో 12 ఏళ్లు ఒక యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో వారానికి రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఇదే బాధతో వచ్చిన అమ్మాయిలను చాలామందిని చూశాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను. ఇవాళ ఓపిక లేకపోతే రేపు చదువుకో.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నీకు ఉన్నది పీఎంఎస్సా (డేట్‌కి ముందు వచ్చి, డేట్ వచ్చాక పోయే బాధలకు పేరు ఇది), ఇంకేదైనానా అన్నది తేదీలు చెప్తాయి. ఏ ల్యాబూ చెప్పదు. రెండు నెలలు రోజూ ఒక నిమిషం కేటాయించి రాస్తే, నేను గంటసేపు ప్రశ్నలు అడిగినా తెలియని విషయం ఆ కాగితం మీద కనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. రక్తం కనిపించిన మొదటి రోజుని ఒకటో రోజు అనుకో. తర్వాతి డేట్‌కి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. పీఎంఎస్ లక్షణాలు ఆ తర్వాతే వస్తాయి, చాలామందికి చివరి ఐదారు రోజుల్లో ముదురుతాయి. డేట్ వచ్చాక నాలుగు రోజుల్లోపు తగ్గిపోతాయి. అక్కడి నుంచి కనీసం 13వ రోజు దాకా మళ్లీ రాకూడదు. అమెరికా గైనకాలజిస్టుల సంఘం పెట్టిన కొలత ఇదే: మనసుకు సంబంధించిన లక్షణం ఒకటైనా, ఒంటికి సంబంధించినది ఒకటైనా, వరసగా మూడు నెలలు డేట్‌కి ముందు అయిదు రోజుల్లో ఉండాలి, చదువుకో పనికో అడ్డు పడేంతగా ఉండాలి. జ్ఞాపకం మీద ఆధారపడకుండా, ఏ రోజుది ఆ రోజు రాసిన రెండు నెలల రికార్డు ఉండాలి.

ఇందులో అందరూ వదిలేసేది ఆ మంచి వారం. నా దగ్గరికి వచ్చిన అమ్మాయిలంతా చెడ్డ రోజుల గురించే చెప్పేవారు. నేను మాత్రం "డేట్ అయిపోయాక వారం ఎలా ఉంటావు?" అని అడిగేదాన్ని. "అప్పుడు నేను నేనుగా ఉంటాను మేడమ్" అని చటుక్కున అంటే పీఎంఎస్ వైపు ఆలోచించేదాన్ని. ఆలోచించి ఆలోచించి "అప్పుడూ అంతే" అంటే వేరే దారిలో వెతికేదాన్ని.

ఒక ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి గురించి చెబుతాను, ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి. వచ్చీ రాగానే "నాకు కోపం జబ్బు ఉంది మేడమ్, తగ్గడానికి ఏదైనా రాయండి" అంది. ఆ రోజు ఏ మందూ రాయలేదు. చిన్న డైరీ పెట్టుకోమన్నాను. రెండు నెలల తర్వాత తెచ్చింది. ఆ పేజీలు నాకు ఇప్పటికీ గుర్తే. స్కేలుతో గళ్లు గీసుకుంది. ఎడమ పక్క తేదీ, తర్వాత గడిలో నెలసరి చక్రంలో ఎన్నో రోజో, ఆ పక్కన కోపం, ఏడుపు, ఉబ్బరం, నిద్ర అని నాలుగు గళ్లు. ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా మార్కు. ఒకటంటే లేదు, ఆరంటే భరించలేనంత. చివర ఒక్క లైను.

తొమ్మిదో రోజు: అన్నీ ఒకట్లే. "టైట్రేషన్ మొదటిసారికే కరెక్టుగా వచ్చింది. సాయంత్రం అందరం బజ్జీలు తిన్నాం." పద్దెనిమిదో రోజు: ఉబ్బరం 3. "చుడీదార్ బిగుతుగా ఉంది." ఇరవై రెండో రోజు: కోపం 5. "మెస్‌లో సాంబారు బకెట్లో గరిటె చప్పుడుకి ఏడుపొచ్చింది." ఇరవై అయిదో రోజు: కోపం 6, ఏడుపు 6, నిద్ర 5. "అమ్మ ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఎత్తితే ఏదో ఒకటి అనేస్తానని భయం." ఇరవై ఎనిమిదో రోజు గడిలో ఎర్ర పెన్నుతో చుక్క, అంటే డేట్ వచ్చింది, మళ్లీ ఒకటో రోజు. మళ్లీ మూడో రోజు: కోపం 2, ఏడుపు 1. "అమ్మకి నేనే చేశాను."

రెండో నెల పేజీ తిప్పితే ఒకటి రెండు రోజుల తేడాతో అవే మెట్లు. ఆ అమ్మాయి ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూసుకుని, "అంటే నేను చెడ్డదాన్ని కాదన్నమాట" అంది. ఆ మాటతో నాకు గొంతు పట్టేసింది. ఇన్నేళ్లు తన స్వభావమే అంత అనుకుని తనని తాను తిట్టుకుంటూ బతికింది ఆ పిల్ల.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను తేదీలు అడిగేదాన్ని కాదు. ఒక డిగ్రీ అమ్మాయి డేట్‌కి ముందు బాగా డల్‌గా ఉంటానని చెబితే విటమిన్ మాత్రలు రాసి పంపేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ అవే రాశాను. మూడోసారి వాళ్ల నాన్నగారు వచ్చి అమ్మాయి తిండి మానేసి గదిలోంచి బయటికి రావట్లేదని చెప్పారు. అది నెల పొడుగునా ఉన్న డిప్రెషన్. డేట్‌కి ముందు ఇంకాస్త పెరిగేది, అంతే. మంచి వారం ఉందా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాలుగు నెలల ముందే సైకియాట్రిస్టు దగ్గరికి పంపేదాన్ని. ఆ అమ్మాయి కోలుకుంది. నేను మాత్రం అప్పటి నుంచి తేదీలు చూడకుండా ఈ విషయంలో చీటీ రాయలేదు.

నీ ఫోన్ ప్రశ్నావళి సంగతి కూడా ఇదే. 2021లో మన దేశంలోని అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేస్తే పీఎంఎస్ 43 శాతం మందిలో, పీఎండీడీ 8 శాతం మందిలో ఉన్నట్టు తేలింది. చాలా అధ్యయనాలు ఒక్కసారి ప్రశ్నావళి ఇచ్చి, గుర్తున్నది రాయించుకున్నవే. 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వేర్వేరు దేశాల్లో 50 వేలకు పైగా మహిళలపై జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. గుర్తున్నదాన్ని బట్టి పీఎండీడీ అనుకున్నచోట సంఖ్య 7.7 శాతం. రోజువారీ రికార్డుతో నిర్ధారించినచోట 3.2 శాతం, అందులోనూ ఆసుపత్రులకు వచ్చినవాళ్లను కాక మామూలు జనాన్ని చూసినచోట 1.6 శాతం. అంత తేడా! నువ్వు అబద్ధం చెప్పావని నా ఉద్దేశం కాదమ్మా. బాధలో ఉన్నప్పుడు గడిచిన నెలంతా బాధగానే గుర్తొస్తుంది, ఎవరికైనా అంతే.

పీఎండీడీ అంటే పీఎంఎస్‌లోనే బాగా తీవ్రమైన రూపం. పదకొండు లక్షణాల్లో కనీసం అయిదు ఉండాలి. వాటిలో కోపం, దిగులు, టెన్షన్, మూడ్ ఉన్నట్టుండి మారిపోవడం — ఈ నాలుగింట్లో ఒకటైనా తప్పనిసరి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడి జబ్బుగా తమ పుస్తకంలో చేర్చింది. నీది అదా కాదా అన్నది ఇప్పుడే చెప్పలేను, నువ్వూ అనేసుకోకు.

ఇక "నాకు హార్మోన్లు బ్యాలెన్స్ తప్పాయా" అన్న ప్రశ్న. అమ్మాయిలందరూ అడిగేది ఇదే, నేను కాస్త ఎక్కువసేపు చెప్పేదీ ఇదే. 1931లో న్యూయార్క్ డాక్టర్ రాబర్ట్ ఫ్రాంక్ ఈ బాధను మొదటిసారి వైద్య పత్రికలో రాసినప్పుడు ఒంట్లో ఆడ హార్మోన్ ఎక్కువై ఇలా అవుతోందనుకున్నాడు. 1953లో లండన్‌లో కథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ దీనికి ఇప్పుడున్న పేరు పెట్టారు. డాల్టన్ ప్రొజెస్టరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ తక్కువవడమే కారణమని గట్టిగా నమ్మింది. ఇద్దరి ఊహలూ నిలబడలేదు. పీఎంఎస్ ఉన్నవాళ్ల రక్తంలోనూ లేనివాళ్ల రక్తంలోనూ హార్మోన్లు ఒకేలా ఉంటున్నాయి.

1998లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్, డేవిడ్ రుబినో బృందం ఒక ప్రయోగం చేసింది. ఒక ఇంజెక్షన్‌తో అండాశయాలను కొన్నాళ్లు నిద్రపుచ్చారు. పీఎంఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి లక్షణాలు తగ్గాయి. తర్వాత ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ మామూలు మోతాదులో తిరిగి ఇచ్చారు. పీఎంఎస్ ఉన్నవాళ్లకు దిగులు, చిరాకు మళ్లీ వచ్చాయి. పీఎంఎస్ లేనివాళ్లకు అవే హార్మోన్లు అదే మోతాదులో ఇస్తే ఏమీ కాలేదు. అంటే హార్మోన్ మామూలుగానే ఉంది, దానికి స్పందించే మెదడులో తేడా ఉంది. ప్రొజెస్టరాన్ ఒంట్లో విరిగి ఇంకో పదార్థంగా మారుతుంది. మామూలుగా అది మెదడుని శాంతపరచాలి. కొందరిలో అదే చిరాకు పుట్టిస్తుంది. సెరటోనిన్ అనే మెదడు రసాయనం కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. ఒకే టీ తాగి ఒకరు హాయిగా పడుకుంటారు, ఇంకొకరికి తెల్లార్లూ నిద్ర పట్టదు. టీ పొడిలో లోపం వెతికితే ఏం దొరుకుతుంది?

అందుకే వేల రూపాయలు పెట్టి హార్మోన్ ప్యాకేజీలు చేయించుకోకు. రెండు పరీక్షలు చాలు: రక్తహీనత తెలియడానికి సీబీసీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మెట్లెక్కితే ఆయాసం, నెలంతా నీరసం ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. థైరాయిడ్ తగ్గినా దిగులు, ఉబ్బరం, నీరసం వస్తాయి, కాకపోతే అవి తేదీ చూసుకుని రావు.

పీసీఓడీ మాట. నీకు డేట్ 28 నుంచి 31 రోజుల మధ్య ప్రతి నెలా వస్తుందని రాశావు. రజస్వల 13వ ఏట అయ్యావన్నావు. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం రజస్వల అయిన ఎనిమిదేళ్లలోపు స్కానింగ్ చూసి పీసీఓడీ అని ముద్ర వేయకూడదు, ఎందుకంటే ఆ వయసులో అండాశయాల్లో చిన్న చిన్న సంచులు చాలామందికి ఉంటాయి. నీకు ఏడేళ్లే అయింది. పైగా పీఎంఎస్ రావాలంటే అండం విడుదల కావాలి. నెలనెలా టైముకి డేట్ వస్తూ, ముందు వారం ఇన్ని లక్షణాలు కనిపిస్తున్నాయంటే నీ అండాశయాలు వాటి పని అవి చేస్తున్నట్టే చాలావరకు. మొహం మీద అవాంఛిత రోమాలు, డేట్లు రెండు మూడు నెలలు తప్పడం లాంటివి ఉంటే అది వేరే చర్చ.

మందుల విషయానికి వస్తే, నేను మొదట మొదలుపెట్టించేది క్యాల్షియం. 1998లో అమెరికాలో 466 మంది మీద ఒక పరీక్ష జరిగింది. రోజుకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం తీసుకున్నవాళ్లకు మూడో నెలకు లక్షణాలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ 30 శాతం తగ్గాయి. ఆ రెండో అంకె కూడా నాకు నచ్చుతుంది. రోజూ రాసుకుంటూ తన గురించి తాను పట్టించుకుంటేనే కొంత తగ్గుతుందని నేనూ చూశాను. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు ఉండాలంటుంది. హాస్టల్ మెస్‌లో నీకు అందేది ఎంతో చూసుకో: పెద్ద గ్లాసు పాలలో సుమారు 300, వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350. పలచటి మజ్జిగ, రెండు ఇడ్లీలతో అది తీరదు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు కారప్పొడితో పాటు నువ్వులుండలు, రాగిపిండి తెచ్చుకో. కెటిల్‌లో జావ కాచుకోవడం అయిదు నిమిషాల పని. మిగతాది డాక్టర్‌ని అడిగి ఒక మాత్రతో భర్తీ చేసుకోవచ్చు. కిడ్నీలో రాళ్లు వచ్చి ఉంటే ముందు చెప్పాలి. ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర కలిపి వేసుకోకు, ఒకటి ఇంకోదాన్ని ఒంటబట్టనివ్వదు. ఐరన్ మధ్యాహ్నం, క్యాల్షియం రాత్రి. ఐరన్ మీద టీ తాగకు.

బీ6 విటమిన్ కొందరికి కొంచెం పనిచేస్తుంది. కానీ మంచిదే కదా అని ఎక్కువ మోతాదు నెలల తరబడి మింగితే కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కి నరాలు దెబ్బతింటాయి, అలాంటి కేసులు చూశాను. ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూల్స్ చాలా చీటీల్లో కనిపిస్తాయి, పీఎంఎస్‌కి అవి పనిచేస్తాయని చెప్పే గట్టి ఆధారం లేదు. డబ్బులు దండగ.

నడక, నిద్ర. ఈ రెండు మాటలూ చెప్తే పిల్లలు మొహం చిన్నబుచ్చుకుంటారు, ఇంత చదివి ఇదా చెప్పేది అన్నట్టు. కానీ ఎమ్మెస్సీ అమ్మాయి డైరీలో నిద్ర గడి 4 దాటిన మర్నాడే కోపం గడి 6కి వెళ్లింది, రెండు నెలలూ. తను అది తానే పట్టుకుంది. ఆ వారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చునే గ్రూప్ స్టడీ మానేసి పదకొండున్నరకే పడుకుంది. మూడో నెలలో ఆరు కాస్తా నాలుగైంది. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ టీలు ఆపెయ్. ఉబ్బరం ఎక్కువైతే ఆ నాలుగు రోజులు ఊరగాయ, అప్పడం, ప్యాకెట్ నూడుల్స్ తగ్గించి చూడు, కొందరికి తేడా తెలుస్తుంది.

మెఫెనమిక్ యాసిడ్ ఉన్న కడుపునొప్పి మాత్రలు హాస్టల్లో ప్రతి గదిలోనూ ఉంటాయి. అవి డేట్ వచ్చాక వచ్చే నొప్పికి, ముందు వారం కోపానికి కాదు. నొప్పి వేరు, పీఎంఎస్ వేరు, ఈ రెండూ కలిపేసుకుంటారు చాలామంది. వేసుకుంటే తిన్నాక వేసుకో, రెండు మూడు రోజులకు మించి వాడకు. 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఈ మందు వల్ల అరుదుగా ఒళ్లంతా దద్దుర్లు, జ్వరంతో తీవ్రమైన రియాక్షన్ రావచ్చని హెచ్చరించింది. అలాంటిదేమైనా కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి.

ఇవేవీ సరిపోకపోతే, డైరీలో రెండు నెలలూ 5లు, 6లు పడితే అప్పుడు అసలు మందులున్నాయి. డిప్రెషన్‌కి వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులు, అంటే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి, ఇక్కడ బాగా పనిచేస్తాయి. డిప్రెషన్‌లో అవి పట్టడానికి వారాలు పడుతుంది. ఇందులో కొద్ది రోజుల్లోనే గుణం కనిపిస్తుంది కాబట్టి డేట్‌కి ముందు రెండు వారాలే వాడి ఆపేసే పద్ధతి కూడా ఉంది. "పిచ్చి మాత్రలు" అని భయపడకు, నీకు పిచ్చి అని ఎవరూ అనట్లేదు. కాకపోతే 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చచ్చిపోవాలనే ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి డాక్టర్ కళ్లముందే వాడాలి. స్నేహితురాలి చీటీ చూసి మెడికల్ షాపులో కొనకు. డ్రోస్పిరినోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలకు కూడా పీఎండీడీలో ఆధారం ఉంది. పెళ్లికాని అమ్మాయికి ఈ మాత్రలా అని ఇంట్లో గాభరా పడతారు. ఇది గర్భం సంగతి కాదు, నెలలోని ఎగుడుదిగుళ్లను చదును చేయడం కోసం ఇచ్చే మందు అని అమ్మకు నేనే చెప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి. కళ్లముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, బీపీ, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో రక్తం గడ్డకట్టి ఉండటం — వీటిలో ఏదున్నా తప్పక చెప్పాలి. కౌన్సెలింగ్ కూడా మందుతో సమానంగా చెప్పుకోదగ్గదే. బ్రిటన్ గైనకాలజిస్టుల కాలేజీ తీవ్రమైన పీఎంఎస్‌కి దాన్ని మామూలుగానే ఇవ్వాల్సిన వైద్యాల్లో లెక్కిస్తుంది. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉంటే ఆ డైరీ పట్టుకుని వెళ్లు.

డేట్ వాయిదా మాత్రలు. గుడికో పెళ్లికో వెళ్లాలని మన ఇళ్లల్లో వీటిని చక్కెర బిళ్లల్లా వాడేస్తారు. పరీక్షలకోసం నువ్వు అడిగిన కారణం నాకు అర్థమైంది. కానీ నీ బాధ డేట్ రోజున లేదు, ముందు వారంలో ఉంది. ఆ మాత్రలో ఉండేది నోరెథిస్టెరాన్, అంటే ప్రొజెస్టరాన్ తరహా మందు. అది వాడినన్నాళ్లూ ఆ ముందు వారాన్నే సాగదీసినట్టు అవుతుంది, ఉబ్బరం, చిరాకు ఇంకా పెరగొచ్చు. రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లకు అపాయం కూడా. నీకైతే వద్దంటాను.

పరీక్ష గురించి ఇంకో మాట. ఆ వారంలో నా బుర్ర పనిచేయదు, చదివింది పోతుంది అని రాశావు. 1960ల్లో డాల్టనే అమ్మాయిల మార్కులు చూసి ఆ రోజుల్లో తగ్గుతున్నాయని రాసింది. తర్వాత జాగ్రత్తగా కొలిచినవాళ్లకు అలా కనిపించలేదు. 2017లో జ్యూరిక్‌కి చెందిన బ్రిగిట్ లీనర్స్ బృందం మొదటి నెలలో 88 మంది, రెండో నెలలో వాళ్లలో 68 మంది జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ హార్మోన్లతో సరిపోల్చి చూసింది. మొదటి నెలలో ఏవో సంబంధాలు కనిపించాయి, రెండో నెలలో అవి నిలబడలేదు. కాబట్టి చదివింది ఎక్కడికీ పోదు. నిన్ను హాల్లోంచి లేపింది తెలివి తగ్గడం కాదు, ఏడుపు ఆగకపోవడం. దానికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. డైరీ ఉంటే సెమిస్టర్ టైమ్‌టేబుల్ రాగానే ఏ పేపర్లు ఆ వారంలో పడుతున్నాయో తెలిసిపోతుంది. ఆ సబ్జెక్టుల రివిజన్ మంచి వారంలోనే ముగించు. ఆ ముందు రాత్రి కొత్త చాప్టర్ తెరవకు. హాల్లో ఏడుపొస్తే పేపర్ ఇచ్చేయకు. బాత్రూమ్‌కి వెళ్లడానికి అనుమతి అడిగి మొహం కడుక్కుని వచ్చి, బాగా తెలిసిన చిన్న ప్రశ్నతో మళ్లీ మొదలుపెట్టు. నా దగ్గరికొచ్చిన ఇద్దరు ముగ్గురు ఇలాగే గట్టెక్కారు.

హాజరు గురించి కూడా తెలుసుకో. 2023 జనవరిలో కేరళలోని కొచ్చిన్ యూనివర్సిటీ అమ్మాయిలకు నెలసరి కారణంగా సెమిస్టర్‌కు 2 శాతం హాజరు సడలింపు ఇచ్చింది. ఆ వెంటనే కేరళ ప్రభుత్వం రాష్ట్రంలోని తన యూనివర్సిటీలన్నింటికీ దాన్ని వర్తింపజేసింది. అక్కడ అమ్మాయిలకు 75 బదులు 73 శాతం చాలు. మన దగ్గరా ఇది రావాలని నా గట్టి కోరిక. అప్పటిదాకా మీ కాలేజీ నిబంధనల్లో వైద్య కారణాలతో సడలింపు ఏమైనా ఉందేమో కనుక్కో. డాక్టర్ ఉత్తరానికి ఈ డైరీ మంచి ఆధారం.

అమ్మ మాట. పెళ్లయితే తగ్గుతుందని మీ అమ్మకు వాళ్ల అమ్మ చెప్పి ఉంటుంది, ఆమె నీకు చెబుతోంది. కాన్పు తర్వాత కొందరికి డేట్ నొప్పి తగ్గుతుంది, బహుశా అదే ఈ మాటకు మూలం. పీఎంఎస్‌కి పెళ్లితో సంబంధం లేదు. అండం విడుదలయ్యే వయసంతా ఉండొచ్చు, గర్భంతో ఉన్నన్నాళ్లు ఆగుతుంది, మెనోపాజ్‌తో పోతుంది. అమ్మతో వాదించకు. వచ్చే సెలవుల్లో డైరీ ముందు పెట్టి చూపించు. ఒక తల్లి ఆ పేజీలు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా "నాకూ ఇలాగే ఉండేదమ్మా, మాకు చెప్పుకునే దిక్కు లేదు" అంది.

చివరికి రూమ్మేట్. ఆమె నీ బట్టలు అడక్కుండా వేసుకుంటుందని, ఆ రోజు అందుకే అరిచానని రాశావు. దానికి ఆమె "డేట్ దగ్గరపడిందా?" అంది. ఆ మాట నిన్ను ఎంత పొడిచిందో నాకు తెలుసు. అరవడం ఆ వారం వల్ల కావచ్చు. కానీ అడక్కుండా బట్టలు తీసుకోవడం మిగతా మూడు వారాల్లోనూ నిజమే కదా, నువ్వు అప్పుడు ఓర్చుకున్నావంతే. అందుకని డైరీలో కోపం 5 వచ్చిన రోజు ఎందుకొచ్చిందో రాసిపెట్టుకో. డేట్ అయిపోయాక ఎనిమిదో రోజున ఆ లైను మళ్లీ చదువు. అప్పుడు చిన్న విషయంగా కనిపిస్తే కొట్టేయ్. అప్పుడు కూడా అన్యాయంగానే కనిపిస్తే, అదే రోజు కూర్చుని మెల్లగా చెప్పు. అరిచినందుకు సారీ చెప్పు, బట్టల సంగతి మాత్రం వదలకు.

ఒక్క విషయంలో మాత్రం రెండు నెలలు ఆగొద్దు. ఆ వారంలో చచ్చిపోవాలనిపించినా, ఒంటికి ఏమైనా చేసుకోవాలనిపించినా డైరీ పక్కన పెట్టి ఆ రోజే ఎవరికైనా చెప్పు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వార్డెన్‌కో, గదిలో ఉన్న అమ్మాయికో, మాట్లాడుకోకపోయినా సరే, చెప్పేయ్.

పుస్తకం కొనేదాకా ఆగకు. ఏ రికార్డు వెనక పేజీలోనైనా ఇవాళ్టి తేదీ వేసి మొదలుపెట్టు. రాత్రి పళ్లు తోముకునేటప్పుడు రాస్తే మర్చిపోవు. డేట్ వచ్చిన రోజు ఎర్ర చుక్క పెట్టి పక్కన 1 అని రాయి. రెండు నెలల రికార్డు పూర్తయ్యాక మీ ఊళ్లో గైనకాలజిస్టుకి చూపించు. కావాలంటే గళ్లలోని అంకెలు ఇక్కడే రాయి, నేను చూసి చెబుతాను.